చమురు కంపెనీలో నీళ్ళ ఉద్యోగం

మాది నౌపడ దగ్గర పల్లె. ఉప్పు మడుల గట్ల మీద ఆడుకుంటూ పెరిగాను. టెక్సాస్‌లో, మిడ్‌లాండ్ దగ్గర ఓ చిన్న చమురు కంపెనీలో చేరానంటే ఊళ్ళో అందరూ నేను నూనె తోడుతున్నాననుకున్నారు. "నూనె కాదమ్మా, ఉప్పునీళ్ళు" అంటే మా అమ్మ, "దానికి అంత దూరమెల్లాలేటిరా?" అంది.

ఇక్కడి బావుల్లో ఒక బ్యారెల్ చమురు వస్తే, దాంతోపాటు మూడు నాలుగు బ్యారెళ్ళ నీళ్ళు వస్తాయి. కోట్ల ఏళ్ళుగా రాతిపొరల్లో ఉన్న నీళ్ళు. చాలాచోట్ల సముద్రం కంటే మూడింతలు ఉప్పన. పొలానికి పెట్టలేం, వాగులో వదల్లేం. కొంత ఫ్రాకింగ్‌కి, అంటే నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టి చమురు తీసే పనికి, మళ్ళీ వాడతారు, మిగతాది వేరే బావి తవ్వి భూమిలోకే పంపాలి. అలాంటి బావికి పర్మిట్ తెచ్చే పని నా నెత్తిన పడింది.

పర్మిట్ ఇచ్చేది టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్. 1891లో రైళ్ళ కోసం పెట్టిన సంస్థ. ఇప్పుడు దానికి రైళ్ళతో సంబంధమే లేదు, చమురూ గ్యాసూ చూసుకుంటుంది. పేరు మాత్రం మార్చలేదు. పర్మిట్‌కి పెట్టే డబ్ల్యూ-14 అనే ఫారం చిన్నదే. దానికి జతచేయాల్సినవి చూశాకే టెన్షన్ మొదలైంది.

అప్పటి రూలు ప్రకారం మా బావి చుట్టూ పావు మైలు లోపు, మేం నీళ్ళు పంపే పొర దాకా దిగిన పాత బావులన్నీ చూపించాల్సి వచ్చింది. వాటిలో ఒకటి 1950ల నాటిది, చమురు పడక వదిలేసింది. దాన్ని సిమెంటుతో సరిగ్గా మూయకపోయి ఉంటే మేం నెట్టిన నీళ్ళు అందులోంచి పైకెక్కి తాగునీటి పొరలో కలుస్తాయి. దొరికిన రికార్డు స్కాన్ చూస్తే టైపు అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. సిమెంటు బస్తాలు ముప్పయ్యా, ఎనభయ్యా? రెండు రోజులు ఆ ఒక్క అంకెతోనే కుస్తీ. చివరికి వేరే కాగితంలో అదే లెక్క అక్షరాల్లో రాసి ఉంది, బతికిపోయాను.

చుట్టుపక్కల నూరు చదరపు మైళ్ళలో వచ్చిన భూకంపాల వివరాలూ పెట్టాలి. నీళ్ళు ఎక్కువగా నెడితే లోపలి పాత పగుళ్ళు కదులుతాయి. 2016లో ఓక్లహోమాలో 5.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఇలాంటి బావులే కారణమని తేల్చారు.

తర్వాత పేపర్లో ప్రకటన. అక్కడ తప్పు నాదే. నీళ్ళు పంపే లోతు 4,200 అడుగులు అనాల్సింది 2,400 అని పంపాను, అలాగే అచ్చయింది. మళ్ళీ ప్రకటన, అభ్యంతరాల కోసం మళ్ళీ పదిహేను రోజులు. మా బాసు ఆ ముక్క కత్తిరించి నా కంప్యూటర్ అంచుకి అంటించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

పర్మిట్ వచ్చింది. అడుగు లోతుకి అర పీఎస్ఐ (చదరపు అంగుళం మీద ఇన్ని పౌండ్లని ఒత్తిడి కొలిచే లెక్క) చొప్పున, పైన ఒత్తిడి 2,100 దాటకూడదు. బావి తవ్వాక లీకు పరీక్ష: నీళ్ళు దింపే గొట్టానికీ, దాని చుట్టూ బావి గోడకి వేసిన ఇనుప గొట్టం కేసింగుకీ మధ్య సందులో 500 పీఎస్ఐ పెట్టి అరగంట చూడాలి. గుండ్రటి చార్టు కాగితం తిరుగుతుంటే దాని మీద పెన్ను ఒత్తిడి గీత గీస్తోంది. పది నిమిషాలయ్యాక గీత మెల్లగా లోపలికి వంగడం మొదలైంది, అంటే ఒత్తిడి తగ్గుతోంది. ఆ సందుని కింద మూసే ప్యాకర్ కారుతోందేమో, మళ్ళీ బావి తవ్వే రిగ్గు తెప్పించాలేమో అని గుండె జారిపోయింది. మాతో ఉన్న పెద్దాయన మాట్లాడకుండా బావి చుట్టూ ఓసారి తిరిగి, ఓ వాల్వు కింద దుమ్ములో అరచేయంత తడి చూపించాడు. ఫిట్టింగ్ లూజు. బిగించి మళ్ళీ మొదలుపెడితే గీత అరగంటా కదల్లేదు.

పంపు ఆన్ చేసిన రోజు గొట్టాలు కలిపేటప్పుడు నీళ్ళు నా బూట్ల మీద చిందాయి. సాయంత్రానికి ఆరి తెల్లగా పేరుకున్నాయి. ఫోటో తీసి అమ్మకి పంపాను. కాసేపటికి ఫోన్ చేసింది: "కిలో ఎంతకమ్ముతున్నార్రా?"