మా ఆయన కంపెనీ పేరు నాకు తెలీదు

మా జగిత్యాల వైపు మనిషి సౌదీ పోయినా, మస్కట్ పోయినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. నేనూ రెండేళ్లు అలాగే అన్నాను. గల్ఫ్ కుటుంబాల ఆడవాళ్లకు మండలంలో మూడు రోజుల శిక్షణ ఉందని మా సంఘం లీడరు చెబితే, బీడీలు పక్కన పెట్టి వెళ్లాను. కుర్చీల్లో కూర్చున్నామో లేదో, మేడమ్ అడిగారు: “మీవాళ్లు ఏ దేశంలో ఉన్నారు? కంపెనీ పేరేంటి? పాస్‌పోర్టు నంబరు ఎవరికైనా తెలుసా?”

ముప్పై మందిమి ఉన్నాం. కంపెనీ పేరు చెప్పినవాళ్లు ఐదారుగురు. పాస్‌పోర్టు నంబరు ఒక్కరికీ రాలేదు. రాత్రి ఫోన్లో మా ఆయన్ని అడిగితే, తానుండేది షార్జాలో అని చెప్పాడు. రెండేళ్లలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అక్కడ మనిషికి ఏదైనా అయితే, విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ‘మదద్’ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా, ఎంబసీకి చెప్పుకోవాలన్నా ఈ వివరాలే కావాలట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఆయన పాస్‌పోర్టు, వీసా, కంపెనీ ఐడీ కార్డు ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. జిరాక్స్ తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను.

రెండో రోజు అప్పుల లెక్క. ఆయన వెళ్లేటప్పుడు లక్షా ఇరవై వేలకు నోటు రాసిచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీకి. మా ఊళ్లో మూడు రూపాయలంటే పెద్ద వడ్డీ అని ఎవరూ అనుకోరు. మేడమ్ నా చేతికే చాక్‌పీసు ఇచ్చి బోర్డు మీద వేయమన్నారు. నెలకు 3,600. ఏడాదికి 43,200. అంటే నూటికి ముప్పై ఆరు. మేం అప్పటికి 26 నెలల వడ్డీ కట్టాం, 93,600 రూపాయలు. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ అంకె కింద గీత గీస్తుంటే చెయ్యి వణికింది. ఎండలో ఆయన పడ్డ కష్టంలో ఎన్ని నెలలు ఆ గీత కిందికే పోయాయో కదా అనిపించింది. అదే నెలలో సంఘంలో బ్యాంకు లోనుకు అడిగాను. నా వంతు లక్ష వచ్చింది, చిట్టీ డబ్బులు ఇరవై వేలు కలిపి ఆ నోటు విడిపించుకున్నాం. సంఘం లోనుకు నూటికి రూపాయి కూడా పడదు. కిస్తీ పెద్దదే, కానీ కట్టినకొద్దీ అసలు తరుగుతోంది.

బ్యాంకు ఖాతాల సంగతి కూడా చెప్పారు. విదేశంలో పనిచేసేవాళ్లు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతానే నడపకూడదు, విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఉన్న ఎన్ఆర్ఈ ఖాతా తెరిస్తే దాని మీద వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు అని. బ్యాంకులో కాకుండా హుండీలో, అంటే మధ్యవర్తుల చేతుల మీదుగా పంపితే ఓ వంద ఎక్కువ రావచ్చు, కానీ డబ్బు రాకపోతే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. మా మరిదికి ఒక ఏజెంటు దుబాయ్ పని చెప్పాడు. ముందు విజిట్ వీసా మీద పంపిస్తాడట, అక్కడికి వెళ్లాక కంపెనీ వీసాకు మారుస్తారట. తొంభై వేలు. అత్తమ్మ అప్పటికే పుస్తెలతాడు తాకట్టుకు తీసి పెట్టింది. శిక్షణలో మాకు చూపించినట్టే, లైసెన్సున్న ఏజెంట్ల పేర్లుండే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు వెతికించాను. మరిది ఫోన్లో పైకీ కిందికీ జరిపి చూసి, “పేరు కనపడ్తలేదు వదినా” అన్నాడు. ఏజెంటును లైసెన్సు నంబరు అడిగితే ముంబై కంపెనీది ఒకటి చెప్పి, ‘నేను వాళ్ల మనిషిని’ అన్నాడు. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా సబ్ ఏజెంట్లను పెట్టుకోకూడదని నాకు అప్పటికే తెలుసు. పైగా చట్టప్రకారం ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు కూడా ఇవ్వాలి.

మరిది పది పాస్ కాలేదు. అందుకే వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే ‘ఎమిగ్రేషన్ చెక్ కావాలి’ అనే రకం. అలాంటివాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే అనుమతి ఉండాలి. విజిట్ వీసా మీద పంపేది దాన్ని తప్పించుకోవడానికే. అలా పోయినవాడికి అక్కడ పని చేసే హక్కుండదు, ప్రవాసీ భారతీయ బీమా కూడా దక్కదు. ఆ బీమా రెండేళ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. ఇదంతా చెబితే అత్తమ్మ నా మీద కోప్పడింది. “చిన్నోని బతుకు చెడగొడ్తున్నవ్” అంది. రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకూ లోపల భయమే, వాడికి వేరే పని దొరక్కపోతే ఆ మాట జీవితాంతం నా మీదే ఉంటుందని.

మూడు నెలలు పట్టింది. లైసెన్సున్న ఏజెన్సీ ద్వారా అబుదాబీలో క్లీనింగ్ పని వచ్చింది. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంట్లో అందరం చుట్టూ కూర్చున్నాం. ఏజెన్సీవాళ్లు నోటితో 1,200 దిర్హాములు అన్నారు. కాగితంలో బేసిక్ 800, అలవెన్సు 400 అని ఉంది. చేతికి వచ్చేది ఒకటే కదా అన్నాడు మరిది. కాదు. అబుదాబీ, దుబాయ్, షార్జా అన్నీ ఉండే యూఏఈ దేశంలో పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున, బేసిక్ మీదే లెక్కిస్తారు. అడిగి చూశాం, మార్చలేదు. అయినా తెలిసి సంతకం పెట్టాడు. హైదరాబాద్‌లో ఒకరోజు ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణకు వెళ్లాడు, పనివాడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోకూడదన్నది అక్కడ మళ్లీ చెప్పారట.

వాడు విమానం ఎక్కిన రాత్రి అత్తమ్మ బీరువా ముందు నిలబడి అడిగింది. “చిన్నోని కాయితాలు గూడ అండ్లనే పెట్టినవా?”

“పెట్టిన అత్తమ్మా” అని రెండో కవరు తీసి చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా వాడి ఫొటో ఉన్న కాగితం తీసి చాలాసేపు చూసి, మడత పడకుండా లోపల పెట్టి తాళం వేసింది.