మెమోలో తేదీ, పంచాంగంలో తిథి: కొత్త ఉద్యోగం, పుట్టినరోజు, ఇల్లు

కొత్త ఉద్యోగంలో చేరిన వారంలో నింపాల్సిన ఫారాలన్నిటిలోనూ తప్పక ఉండే గడి పుట్టినతేదీ. మన ఇళ్లలో అదంత తేలిగ్గా నిండే గడి కాదు. అమ్మ చెప్పే తేదీ ఒకటి, పదో తరగతి మెమోలో ఉన్నది ఇంకొకటి, నానమ్మ లెక్కపెట్టే తిథి మరొకటి. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి, ఒకటో తరగతికి వయసు సరిపోవాలని హెడ్‌మాస్టరే జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేసిన ఇళ్లు కోకొల్లలు. సర్కారీ కొలువు వస్తే సర్వీసు రెండేళ్లు ఎక్కువ ఉంటుందని తాతయ్య ముందుచూపుతో వయసు తగ్గించి రాయించిన కేసులు వేరే. ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు పెట్టే బర్త్‌డే బోర్డు మీద జూన్ నెల కిక్కిరిసి ఉందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఫారం దగ్గర మాత్రం తర్జనభర్జన వద్దు. మెమోలో ఏది ఉంటే అదే రాయాలి. అసలు తేదీ వేరే అని తెలిసినా సరే. మీరు రాసిన తేదీ అక్కడితో ఆగదు. పీఎఫ్ ఖాతాకు, ఇన్సూరెన్సుకు, పెన్షన్ లెక్కకు అదే వెళ్తుంది. ఈపీఎఫ్ పెన్షన్ 58 ఏళ్లకు మొదలవుతుంది. ఆ 58 లెక్కపెట్టేది కాగితం మీది తేదీ నుంచే.

చేరడానికి పదిహేను రోజుల ముందే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి: పదో తరగతి మెమో, ఆధార్, పాన్. ఏవైనా రెండింటికి తేడా ఉంటే మెమోకు తగ్గట్టు మిగతావి మార్చుకోవాలి. మెమోను మార్పించే పని పెట్టుకోకండి, బోర్డు చుట్టూ తిరగడమే సరిపోతుంది. ఆధార్‌లో పుట్టినతేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, పేరుకు రెండుసార్లు. కాబట్టి ఆ ఒక్క అవకాశాన్నీ అమ్మ చెప్పిన తేదీ కోసం వాడేస్తే తర్వాత ఇబ్బంది. ఆధార్‌కూ పాన్‌కూ తేదీ కలవకపోతే రెండూ లింక్ కావు. లింక్ కాని పాన్ పనిచేయదు. పన్ను కట్టాల్సిన జీతమైతే అప్పుడు టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) ఎక్కువ రేటున కోస్తారు. ఆధార్ చూపిస్తే చాలని కొందరు అనుకుంటారు గానీ, పుట్టినతేదీకి రుజువుగా ఆధార్‌ను పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ 2024 జనవరి నుంచి ఒప్పుకోవడం లేదు. అక్కడ మెమోనో, జనన ధ్రువపత్రమో, పాస్‌పోర్టో కావాలి.

తేదీ కంటే ఎక్కువ తంటా పెట్టేది పేరు. మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. ఆధార్‌లో పూర్తిగా విడదీసి రాస్తారు. పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. కంపెనీ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి, మధ్యలో 'వెంకట' ఎక్కడ పెట్టాలో తోచదు. యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకటే ఉండే నంబరు) కోసం ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి, ఎందుకంటే ఆ 12 అంకెల నంబరును సరిచూసేది ఆధార్‌తోనే. ఇంతకుముందు ఎక్కడైనా రెండు నెలలు పనిచేసినా పీఎఫ్ కోసి ఉంటే మీకు యూఏఎన్ ఇప్పటికే ఉన్నట్టే. చేరేటప్పుడు పీఎఫ్ కోసం నింపే ఫారం 11లో ఆ సంగతి రాయకుండా 'మొదటి ఉద్యోగం' అని టిక్ పెడితే రెండో నంబరు పుట్టి, పాత డబ్బు అక్కడే ఉండిపోతుంది. తప్పు దొర్లితే కంగారు పడక్కర్లేదు. 2017 అక్టోబరు తర్వాత ఇచ్చిన యూఏఎన్ అయి, ఆధార్‌తో సరిచూసి ఉంటే పేరు, పుట్టినతేదీ వంటివి పోర్టల్‌లో సభ్యులే సరిచేసుకునే వీలు 2025 జనవరిలో వచ్చింది. అంతకుముందు ప్రతిదానికీ కంపెనీ చుట్టూ తిరగాల్సి వచ్చేది. నామినీగా అమ్మనో నాన్ననో అప్పుడే పెట్టేయండి. పెళ్లయ్యాక మాత్రం మళ్లీ కొత్తగా నింపాలి, చాలామంది మర్చిపోయేది అదే.

ఇక నాన్నగారి పుట్టినతేదీ. కొత్త ఉద్యోగికి దీంతో పనేమిటి అనిపిస్తుంది గానీ, ఇంటికి నిజంగా పనికొచ్చే విషయం ఇదే. చాలా కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్సులో అమ్మానాన్నలను చేర్చుకోవచ్చు. కొన్ని చోట్ల ఉచితం, ఎక్కువ చోట్ల ప్రీమియం మన జీతంలోంచి పోతుంది. చేరిన కొన్ని రోజుల్లోపే పేర్లివ్వాలి, గడువు దాటితే పాలసీ రెన్యువల్ దాకా ఆగాల్సిందే. నలభై దాటిన షుగరు, బీపీ మనుషులకు బయట విడిగా పాలసీ తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్ (ఉన్న జబ్బులకు డబ్బు ఇవ్వడం మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) పెడతారు. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి అది ఉండదు. అందుకని ప్రీమియం కాస్త బరువనిపించినా తీసుకోవడమే మంచిది. అయితే పెద్దవాళ్ల ఆధార్ కార్డుల్లో చాలావాటి మీద పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటుంది. ఆధార్ తీసిన రోజు సంవత్సరం ఒక్కటే చెప్పి ఉంటారు. ఫారంలో మీకు తెలిసిన అసలు తేదీ రాసి, ఆసుపత్రిలో ఆధార్ చూపిస్తే రెండూ కలవక క్యాష్‌లెస్ దగ్గర ఆగిపోతుంది. కార్డు మీద ఉన్నదే రాయండి. కో-పే ఉందేమో కూడా అడగండి. 20 శాతం కో-పే అంటే 1,00,000 బిల్లులో 20,000 ఇంట్లోంచే తీయాలి.

జీతం గురించి ఇంట్లో ముందే లెక్క చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు. ఆరు లక్షల ప్యాకేజీ అనగానే నెలకు 50,000 అని మావయ్య ఊరంతా చెప్పేస్తాడు. బేసిక్ 25,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ (ఏళ్లతరబడి పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద బేసిక్‌లో 4.81 శాతం అంటే దాదాపు 1,203, ఈ రెండూ ప్యాకేజీలోనే కలిపి ఉంటాయి. అవి తీస్తే 46,997. అందులో మన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే 44,997. పదిశాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అని ఆఫర్ లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే ఇంకో 5,000 నెలనెలా రాదు. చివరికి చేతికొచ్చేది దాదాపు 40,000. కంపెనీ పీఎఫ్‌ను ఆ లెక్కకు ఉన్న 15,000 జీతం పరిమితి మీద కాక పూర్తి బేసిక్ మీద కోస్తే ఇంకా తగ్గుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ భయం మాత్రం అక్కర్లేదు, కొత్త పన్ను పద్ధతిలో ఈ జీతానికి పన్ను లేదు.

మొదటి జీతం ఎప్పుడొస్తుందన్నది ఇంకో చిక్కు. పేరోల్ లెక్కలు చాలాచోట్ల 20-25 తేదీల మధ్యే ముగుస్తాయి. సెప్టెంబరు 22న చేరితే ఆ నెల 9 రోజుల జీతం అక్టోబరు జీతంతో కలిసి, అక్టోబరు చివర వస్తుంది. అంటే దాదాపు నలభై రోజులు చేతి డబ్బుతోనే గడవాలి. హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల అద్దె, ఫార్మల్ బట్టలు, బస్ పాస్ అన్నీ ఈ నలభై రోజుల్లోనే పడతాయి. పుట్టినరోజు కూడా ఇందులోనే పడిందనుకోండి, టీమ్‌కు ట్రీట్ ఇస్తానని మాటివ్వకండి. జీతం పడ్డాక స్వీట్లు పంచితే ఎవరూ ఏమీ అనుకోరు. అమ్మకు చీర, నాన్నకు చొక్కా కూడా అప్పుడే.

ఇక ఇంటి వైపు లెక్క. తిథి ప్రకారం పుట్టినరోజు చేసే ఇళ్లలో దాని తేదీ ఏటా మారుతూ ఉంటుంది. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు కాబట్టి ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది, అధిక మాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా వెనక్కి పోతుంది. ఉదాహరణకు 2003 ఆగస్టు 31 ఉదయం, వినాయక చవితి నాడు పుట్టినవారిని తీసుకోండి. స్వభాను నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చవితి. వాళ్లకు 2024లో సెప్టెంబరు 7న, 2025లో ఆగస్టు 27న తిథి వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది గనక సెప్టెంబరు 14. కానీ 2022లో చూడండి, సరిగ్గా ఆగస్టు 31నే. పంతొమ్మిదేళ్లకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా సరిపోతాయి, అందుకే 19, 38, 57 ఏళ్లప్పుడు తేదీ, తిథి ఒకే రోజునో, ఒక రోజు అటూ ఇటూగానో కలుస్తాయి. అధిక మాసంలో పుట్టినవాళ్లు మిగతా ఏళ్లలో అదే పేరున్న మామూలు నెలలో చేసుకుంటారు.

తిథి తెలియకపోతే కావాల్సినవి మూడు: తేదీ, సమయం, ఊరు. ఇక్కడే ఇళ్లలో పెద్ద వాదన. ఇంగ్లీషు రోజు అర్ధరాత్రి మారుతుంది, మన వారం సూర్యోదయానికి మారుతుంది. మంగళవారం తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డను అమ్మ సోమవారం పుట్టాడనే అంటుంది, ఆసుపత్రి కాగితం మంగళవారం అంటుంది. ఇద్దరిదీ నిజమే. పంచాంగం యాప్‌లో సమయం రాయకుండా తేదీ ఒక్కటే కొడితే ఆ రోజు సూర్యోదయానికున్న తిథి చూపిస్తుంది, మీరు పుట్టిన వేళకు అది మారిపోయి ఉండొచ్చు. నక్షత్రం కూడా అంతే. గోత్రం, నక్షత్రం, పేరు ఈ మూడూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. గుడిలో అర్చనకు నిలబడి 'అమ్మా, మన గోత్రం ఏంటి' అని ఫోన్ చేసేవాళ్లు ప్రతి వరసలోనూ ఒకరుంటారు.

పుట్టినరోజు సెలవు సంగతి చేరే రోజుకు ముందే తేల్చుకోవాలి. ప్రొబేషన్‌లో సెలవులు నెలకు ఒకటో ఒకటిన్నరో చొప్పున జమవుతాయి, మొదటి నెలలోనే రెండు అడిగితే జీతం కోత పడొచ్చు. ఆఫర్ ఒప్పుకునేటప్పుడే ఫలానా రోజు కావాలని మెయిల్‌లో రాస్తే మేనేజరు సాధారణంగా కాదనరు. చేరాక చెబితే అదే పెద్ద విషయమవుతుంది.

సెలవు దొరక్కపోతే పుట్టినరోజు తలంటు పొద్దున్నే కానిచ్చేయొచ్చు. ఎనిమిది పది కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, ముందురోజు రాత్రే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. మాడుకు నువ్వుల నూనె రెండు చెంచాలు చాలు. ఎక్కువైతే కుంకుడు రసంతో ఒక పట్టాన వదలదు, మధ్యాహ్నానికి కొత్త చొక్కా కాలరు మీద మరక కనిపిస్తుంది. కొత్త బట్టకు పసుపు బొట్టు పెట్టేది లోపలి అంచుకే, తెల్ల చొక్కా అయితే మరీను.

పరమాన్నానికి గ్లాసు బియ్యం, రెండు చెంచాల పెసరపప్పు కడిగి అరగంట నానబెట్టండి. రెండు గ్లాసుల నీళ్లలో సగం ఉడికాక నాలుగు గ్లాసుల కాచిన పాలు పోసి, మెతుకు వేళ్ల మధ్య నలిగేదాకా సన్నని సెగ మీద ఉంచాలి. బెల్లం గ్లాసుంబావు. దాన్ని విడిగా పావు గ్లాసు నీళ్లలో కరిగించి వడకట్టుకోవాలి, లేకపోతే ఇసుక పళ్ల కింద పడుతుంది. పొయ్యి కట్టేసి, అయిదారు నిమిషాలు ఆగి, అప్పుడు కలపాలి. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరుగుతుంది, బెల్లంలో ఉండే పులుపు గుణమే కారణం. మెతుకు ఉడక్కముందే తీపి పడితే ఆ తర్వాత ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. దించేటప్పుడు జారుగా ఉండాలి, చల్లారితే అదే చిక్కబడుతుంది. నాలుగు యాలకులు, నేతిలో వేయించిన జీడిపప్పు, ఆవగింజంత పచ్చకర్పూరం వేస్తే చాలు. కర్పూరం కాస్త ఎక్కువైనా చేదెక్కుతుంది.

హైదరాబాద్ హాస్టల్‌కు ఊరి నుంచి రాత్రి బస్సులో పంపాలనుకునే అమ్మలు పరమాన్నం మాత్రం పెట్టొద్దు. పాలు, తేమ, మూత బిగించిన డబ్బాలో వేడి, పన్నెండు గంటలకల్లా పులుస్తుంది. చింతపండు పులిహోర అయితే మర్నాడు మధ్యాహ్నం దాకా బాగుంటుంది, అన్నం పూర్తిగా ఆరాక పులుసు కలిపితేనే. సున్నుండలు, అరిసెలు వారం పైనే ఉంటాయి, ఆఫీసులో పంచడానికీ పనికొస్తాయి. డబ్బా మాత్రం తిరిగి తీసుకురమ్మని గట్టిగా చెప్పి పంపండి.