కొత్త బ్లాక్‌లోకి మారాం, సగం

మా ఆసుపత్రిలో కొత్త మాతాశిశు బ్లాక్‌కి రిబ్బన్ ఎండాకాలంలో కట్ చేశారు. పేషెంట్లు లోపలికి వెళ్లింది వానలు మొదలయ్యాక. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, మళ్లీ అద్దె ఇంటికి వెళ్లి పడుకున్నట్టయింది మా పని. మధ్యలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "బిల్డింగ్ అయిపోయిందిగా సిస్టర్, ఇంకా ఆ పాత దాంట్లోనే ఎందుకు?" నేను పసిపిల్లల వార్డులో, అంటే ఎస్‌ఎన్‌సీయూలో హెడ్ నర్సుని. ఆసుపత్రి పేరు రాయను, మా ఊరివాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది.

మంచాలు, బీరువాలు మార్చడం పెద్ద విషయం కాదు. ట్రాక్టర్ పెట్టి నలుగురు హమాలీలని పిలిస్తే అయిపోతుంది. కదలనివి కాగితాలు. స్కానింగ్ మిషన్‌నే తీసుకోండి. లింగ నిర్ధారణను అడ్డుకోవడానికి 1994లో తెచ్చిన చట్టం కింద ఏ సెంటర్లో ఏ మిషన్ ఉందో నమోదై ఉంటుంది. చోటు మారినా, మిషన్ మారినా, పనిచేసే మనిషి మారినా 30 రోజుల ముందే అధికారులకు తెలియజేయాలి. ఒకే కాంపౌండ్ కదా, పక్క బిల్డింగే కదా అని మా దగ్గర ఎవరూ ధైర్యం చేయలేదు, చేయకూడదు కూడా. ఎక్స్‌రే గదికి అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. బ్లడ్ బ్యాంక్ లైసెన్స్ ఏ ఆవరణకి ఇచ్చారో ఆ ఆవరణకే.

దాంతో ఏమైంది? గర్భిణి కొత్త బ్లాక్‌లో, స్కాన్ పాత బిల్డింగ్‌లో, రక్తం దాని వెనకాల. మధ్యలో పైకప్పు లేని ఖాళీ స్థలం. వానలో ఎనిమిదో నెల మనిషిని వీల్‌చైర్‌లో తోసుకెళ్తుంటే ఒక ఆయమ్మ గొడుగు పట్టుకుని పక్కనే నడుస్తుంది. ఆ గొడుగు కూడా ఆవిడ సొంతం. స్లాబ్ పడ్డ రోజే ఈ దరఖాస్తులన్నీ కదిలించి ఉండాల్సింది. రంగులు వేసేటప్పుడు గోడకి ఏ రంగు బాగుంటుందని మమ్మల్ని అడిగారు గానీ, లైసెన్సుల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆక్సిజన్ దగ్గర మాత్రం నేను పట్టు వదల్లేదు. 2021 కోవిడ్ సెకండ్ వేవ్ చూసిన నర్సుకి ఆ మాట వింటేనే టెన్షన్. కొత్త పైప్‌లైన్ వేసిన వాళ్లు "అంతా ఓకే మేడమ్" అన్నారు. మా పిల్లల డాక్టరు గారు ఓకే మాటని నమ్మే మనిషి కాదు. ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపే మీటర్ తెప్పించి గోడ మీదున్న ఒక్కో పాయింట్‌కి పెట్టి చూశాం. లిక్విడ్ ట్యాంక్ నుంచి వచ్చే ఆక్సిజన్ అయితే 99 పైన చూపించాలి, గాలి నుంచే ఆక్సిజన్ తీసే పీఎస్‌ఏ ప్లాంట్‌ది అయితే 93 దగ్గర, ఉత్త గాలి పాయింట్ అయితే 21. రెండు లైన్లు ఎక్కడైనా తారుమారు అయితే పైకి ఏమీ తెలియదు, రెండూ ఒకేలా బుస్సుమంటాయి. నెలలు నిండని పిల్లలకి ఆక్సిజన్ తక్కువైతే ఎంత ప్రమాదమో, ఎక్కువైనా అంతే. కంటి వెనక రెటీనా దెబ్బతింటుంది. అందుకే గాలినీ ఆక్సిజన్‌నీ కలిపి లెక్కగా ఇస్తాం. లైన్లు సరిగ్గానే ఉన్నాయి. ఒక పాయింట్ లీక్ అవుతోంది, అది బాగు చేయించాం.

తర్వాత రిహార్సల్. ఇది కూడా డాక్టరు గారి ఆలోచనే. మా వార్డు బాయ్‌ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లేబర్ రూమ్ నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా రాత్రిపూట తోసుకెళ్లాం. వాడు నవ్వు ఆపుకోలేక చచ్చాడు. లిఫ్ట్ దగ్గర డాక్టరు గారు మెయిన్ ఆఫ్ చేయించారు. జనరేటర్ అందుకుంది, లైట్లు వెలిగాయి, లిఫ్ట్ మాత్రం కదల్లేదు. దానికి జనరేటర్ కనెక్షన్ ఇవ్వలేదట! నిజంగా సిజేరియన్ కేసుతో ఉన్నప్పుడు కరెంటు పోయుంటే? వాడి నవ్వు కూడా అక్కడే ఆగిపోయింది. ఆ కనెక్షన్ వచ్చేదాకా మారేది లేదని పై వాళ్లకి రాసిచ్చాం. ఆలస్యానికి అదొక కారణం, దానికి నేనేమీ సిగ్గుపడను.

పిల్లల్ని మార్చిన రోజు గురించి చెప్పాలి. పొద్దుటి నుంచి పాత వార్డులో కొత్త అడ్మిషన్లు ఆపేశాం. అప్పటి నుంచి పుట్టినవాళ్లు నేరుగా కొత్త దాంట్లోకే. కుదురుగా ఉన్న పిల్లల్ని ముందు తీసుకెళ్లాం. బరువు తక్కువ పిల్లల్ని తల్లి గుండెకి ఆనించి, టోపీ, సాక్సులు వేసి, పైన శాలువా కప్పి, తల్లినే వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాం. కంగారూ కేర్ అని వాళ్లకి రోజూ నేర్పేదే, ఆ రోజు బండిలా పనికొచ్చింది. తల్లి ఒంటికంటే మంచి వార్మర్ మా దగ్గర లేదు. అటువైపు చేరగానే ఒక్కొక్కరికీ టెంపరేచర్ చూశాం. 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఊరుకోం.

పేర్లు ఇంకో తలనొప్పి. పసిపిల్లలకి పేరుండదు, తల్లి పేరే. ఆ రోజు "బేబీ ఆఫ్ లక్ష్మి"లు ఇద్దరున్నారు. కాలి ట్యాగ్, కేస్ షీట్, తల్లి చేతి ట్యాగ్, మూడూ కలిపి ఇద్దరు సిస్టర్లు పైకి చదివాకే గుమ్మం దాటనిచ్చాను. సీప్యాప్ మీద, అంటే ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చి ఊపిరికి సాయం చేసే మిషన్ మీద ఉన్న బిడ్డని చివర్న, ట్రాన్స్‌పోర్ట్ ఇంక్యుబేటర్‌లో, చిన్న సిలిండర్‌తో, డాక్టరు గారే పక్కన నడుస్తూ తీసుకొచ్చారు. వాచ్‌మన్ కర్ర పట్టుకుని ముందు నడిచాడు, కుక్కలు అడ్డం రాకుండా. ప్లాన్ గీసిన వాళ్లకి మా కాంపౌండ్ కుక్కల సంగతి తెలియదు కదా.

కొత్త వార్డు బాగుందా అంటే, బాగుంది. చేతులు కడుక్కునే సింకులు సరిపడా ఉన్నాయి, ఏసీ పనిచేస్తుంది. కానీ పాత హాల్లో నా టేబుల్ దగ్గర కూర్చుంటే ప్రతి బిడ్డ ఛాతీ ఎగసిపడటం కనిపించేది. ఇక్కడ ఒక స్తంభం, రెండు అడ్డగోడలు. మూలనున్న వార్మర్ మంచాలు కనపడవు. అలారం ఉంది కదా అన్నాడు ఇంజినీరు. అలారం మోగకముందే బిడ్డ రంగు చూసి లేచి వెళ్లడమే మా పని అని చెప్పాను. చివరికి టేబుల్‌నే తలుపు దగ్గర నుంచి లాగి మధ్యలో వేసుకున్నాం. దాని కింద నుంచి వైర్లు పోతున్నాయి, టేపు అంటించాం. స్టాఫ్ మాత్రం అంతే మంది, నడవాల్సిన దూరం పెరిగింది.

గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్ పక్క నుంచి ముషీరాబాద్‌లోని పాత జైలు స్థలానికి 2003లో మారింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆటో ఎక్కితే "పాత గాంధీనా, కొత్త గాంధీనా" అనేవాళ్లు. ఉస్మానియాలో అయితే 2020 జూలైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాక పాత భవనం ఖాళీ చేయించారు. ఆ హడావుడి తలుచుకుంటే మాది ఎంతో నయం, ఆలోచించుకోవడానికి టైమ్ దొరికింది. అలవాటు మాత్రం ఎక్కడైనా ఒకటే. 108 అంబులెన్స్ డ్రైవర్లు ఇప్పటికీ కాన్పు కేసులని పాత క్యాజువాలిటీ ముందే ఆపుతున్నారు. బోర్డు పెట్టాం, అది చెట్టుకొమ్మల వెనక పడింది. కొమ్మలు కొట్టించమని అడిగాం.

స్కానింగ్ మిషన్ పర్మిషన్ ఇంకా రావాలి. వచ్చేదాకా మా ఊరివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: కాన్పుకి వచ్చేవాళ్లు మార్కెట్ వైపు గేటు నుంచి రండి, రాత్రిపూట కూడా అది తీసే ఉంటుంది. పాత స్కాన్ రిపోర్టులు ఇంట్లో మర్చిపోకండి. అవి చేతిలో ఉంటే ఆ ఖాళీ స్థలం దాటాల్సిన అవసరం చాలామందికి ఉండదు.