షుడ్ అంటే పెట్టకపోయినా నడుస్తదనుకున్న

హనుమకొండల నాది చిన్న షాపు, సీసీ కెమెరాలు, యూపీఎస్‌లు అమ్మి బిగిస్తం. ఇండ్లకు దుకాణాలకు చేసుకుంట చేసుకుంట ఒకసారి గవర్నమెంట్ టెండర్ వేద్దామని బుద్ధి పుట్టింది. ఒక కాలేజీకి కెమెరాలు, అరవై పేజీల పీడీఎఫ్. నాకు ఇంగ్లీష్ చదవడం వచ్చు, టెండర్ ఇంగ్లీష్ వేరే ఉంటదని మాత్రం తెల్వదు.

కొన్ని దగ్గర షాల్, కొన్ని దగ్గర షుడ్, కొన్ని దగ్గర మే అని ఉంది. సాఫ్ట్‌వేర్‌ల ఉన్న మా బామ్మర్దిని అడిగితే, బావా మా దగ్గర దీనికి లెక్క ఉంది, 1997ల ఆర్ఎఫ్‌సీ 2119 అని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేటోళ్లు ఒక కాయితం రాసుకున్నరు, షాల్ అంటే చేసి తీరాలె, షుడ్ అంటే గట్టి కారణం ఉంటే వదిలేయొచ్చు, మే అంటే నీ ఇష్టం అన్నడు. నేను అదే పట్టుకున్న. కెమెరా కంపెనీ ఇచ్చే ఆథరైజేషన్ లెటర్ దగ్గర "బిడ్డర్ షుడ్ ఎన్‌క్లోజ్" అని ఉంది. డిస్ట్రిబ్యూటరేమో రెండు రోజుల్ల పంపుత అంటున్నడు, గడువేమో రేపే, షుడ్డే కదా తర్వాత ఇస్తే అయితది అని లెటర్ లేకుండనే వేసేసిన.

టెక్నికల్ల, అంటే ముందు కాయితాలు చూసే దశల్నే పోయింది, రేటు రాసిన ప్రైస్ బిడ్ తెరవనే లేదు. ఆఫీసుకు పోయి సార్ ఇది షుడ్డే కదా అంటే ఆ సార్ ఏం మాట్లాడకుండ 47వ పేజీ తీసిండు, చెక్‌లిస్టు, దాని కింద సన్న అక్షరాలల్ల, వీటిల ఏ ఒక్కటి లేకున్నా బిడ్ రిజెక్ట్ అని. 12వ పేజీల మెత్తగ అడిగి 47వ పేజీల కట్టె పట్టుకొని కూసున్నరన్నట్టు. నేను ఊరుకోలే, కమిటీ "మే" తక్కువ పడ్డ కాయితాలు అడగొచ్చని మీరే రాసిన్రు కదా సార్ అన్న. అడగొచ్చు తమ్మీ, అడగాలని లేదు అన్నడు. ఆ మే నాది కాదు, వాళ్లది!

కోపంతోని తెలిసిన వకీలు దగ్గరికి పోయిన. ఆయన 1991ల సుప్రీంకోర్టు చెప్పిన పొద్దార్ స్టీల్ కేసు చెప్పిండు. ఈఎండీ, అంటే టెండర్ వేసేటప్పుడు కట్టే ధరావతు, నగదుగ గాని స్టేట్ బ్యాంక్ డీడీగ గాని కట్టమంటే వాళ్లు యూనియన్ బ్యాంక్ చెక్కు ఇచ్చిన్రట, అయినా కోర్టు అసలు అర్హత షరతు వేరు, దాని వెంట ఉండే చిన్న షరతు వేరు, చిన్నదాన్ని ఆఫీసు సడలించుకోవచ్చు అన్నదట. నాకు పానం లేచొచ్చింది. మళ్ల ఆయనే, సడలించొచ్చు అన్నది, సడలించాలె అనలేదు, నీ లెటర్ చిన్న షరతు కాదు, ఇంటికి పో అన్నడు.

తర్వాత జెమ్, అంటే గవర్నమెంట్ ఆఫీసులు సామాన్లు కొనే పోర్టల్ల 40 కెమెరాల బిడ్ పడ్డది. ఈసారి పీడీఎఫ్ ప్రింట్ తీసి, షాలా షుడ్డా అని చూడుడు బంద్ చేసి, ప్రతి వాక్యం దగ్గర రెండే రాసుకున్న: ఇది ఎవల మీద పడ్తది, చెయ్యకపోతే ఏమైతది. అట్ల చదివితే వేరే డాక్యుమెంట్ లెక్క కనబడ్డది. సైట్ చూసుకోమని "సలహా" ఇచ్చిన్రు, రెండు లైన్ల కింద బిడ్ వేసినోడు సైట్ చూసినట్టే లెక్క అని ఉంది, అంటే పోకపోయినా రిజెక్ట్ చెయ్యరు గని గోడలు ఎట్లున్నా పైప్ ఖర్చు మనదే. బస్సెక్కి పోయి చూసొచ్చిన, రెండు బ్లాకుల నడుమ దూరం డ్రాయింగ్ మీద కన్న మస్తుగ ఉంది.

ఈఎండీ దగ్గర మళ్ల దొరికిపోతుండె. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కదా, చిన్న సంస్థలకు మినహాయింపు కదా అనుకున్న, గని అది తయారు చేసేటోళ్లకు, సర్వీస్ ఇచ్చేటోళ్లకు, మనసొంటి ట్రేడర్లకు కాదు. ఈఎండీ మామూలుగ అంచనా విలువల 2 నుంచి 5 శాతం దాక అడుగుతరు, సప్పుడు చెయ్యకుండ కట్టిన. ఒక్క ఐఎస్ఓ క్వాలిటీ సర్టిఫికెట్ దగ్గర "ప్రిఫరబ్లీ", అంటే ఉంటే మంచిది అని ఉంటే అనుమానం తీరక ప్రశ్న పంపిన, లేకున్నా పర్వాలేదని రాసి ఇచ్చిన్రు. ఆ కాయితం కూడ బిడ్‌ల పెట్టిన, ఎందుకైనా మంచిదని.

ఎల్1 వచ్చింది, అంటే అందరికన్న తక్కువ రేటు నాదే. కెమెరాలు బిగించి బిల్లు పెట్టే టైంల లెటరొచ్చింది: ఆప్షన్ క్లాజు, అంటే ఆర్డర్ పెంచుకునే షరతు ప్రకారం 25 శాతం, ఇంకో 10 కెమెరాలు, అదే రేటుకు. అప్పటికి డిస్ట్రిబ్యూటర్ రేటు పెంచిండు. కాగితం తీసి చూస్తే ఆ క్లాజు పక్కన నా రాతే ఉంది, పెన్సిల్తోని: "ఆప్షన్ వాళ్లది."