కారు డిక్కీలో కణితులు

మా బ్యాచ్‌వాళ్లకి రేడియాలజీ సార్ అనగానే గుర్తొచ్చేది ఆయన చేతిలో ఉండే స్టీలు మంచినీళ్ల చెంబు. నాకు మాత్రం దాంతోపాటు స్కాట్లండ్‌లోని గ్లాస్గో గుర్తొస్తుంది. ఆ ఊరు నేను చూడలేదు.

పీజీలో చేరిన మొదటి నెల. పొత్తికడుపు నొప్పి అని ఒకావిడ పొద్దున్నే వచ్చింది. అల్ట్రాసౌండ్ స్కాన్ చేసి, ఏమీ లేదని రాసి పంపబోయాను. సార్ రిపోర్టు చూసి, "ఆవిడ పాస్‌కి ఎప్పుడు వెళ్లిందో అడిగావా?" అన్నారు. అడగలేదు. నీళ్లు తాగించి గంట కూర్చోబెట్టమన్నారు. ఆవిడ నన్ను తిట్టుకుంటూనే తాగింది. ఈసారి పొట్టమీద స్కాన్ పరికరం, అదే ప్రోబ్, పెడితే, నిండిన మూత్రాశయం వెనక నిమ్మకాయంత నీటిగడ్డ స్పష్టంగా కనిపించింది. నాకు చెమటలు పట్టాయి. పేగుల్లో గాలి ఉంటే ప్రోబ్ పంపే ధ్వని అక్కడే కొట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకి నెట్టి మనకి కిటికీ తెరుస్తుంది. ఈ కిటుకు 1963లో పట్టుకున్నది ఇయాన్ డొనాల్డ్ అని సార్ చెప్పారు. ఆ మధ్యాహ్నం క్లాసు ఎగిరిపోయింది, కథ మొదలైంది.

డొనాల్డ్ ప్రసూతి వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, రాడార్, నీటిలో ధ్వనితో వెతికే సోనార్‌ల సంగతి తెలుసుకున్నాడు. 1954లో గ్లాస్గో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన ఆపరేషన్ చేసిన ఒకావిడ భర్త రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ అనే బాయిలర్ల కంపెనీలో డైరెక్టర్. అక్కడ ఇనుములో పగుళ్లు వెతకడానికి అల్ట్రాసౌండ్ మెషీన్ వాడేవారు. 1955 జూలై 21న డొనాల్డ్ ఆపరేషన్లలో తీసిన ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే గట్టి గడ్డలు), అండాశయపు నీటిగడ్డలు కార్ల డిక్కీల్లో వేసుకుని ఆ ఫ్యాక్టరీకి వెళ్లాడు. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు ఒక పెద్ద మాంసం ముక్క తెచ్చి పెట్టారు. గట్టి గడ్డ నుంచి, నీళ్లున్న గడ్డ నుంచి వచ్చే ప్రతిధ్వనుల్లో తేడా తెరమీద తెలిసిపోయింది. "దారిలో పోలీసులు ఆపి డిక్కీ తెరవమని ఉంటే?" అని సార్ చెంబు ఎత్తి నవ్వారు.

కెల్విన్ హ్యూస్ కంపెనీ ఇంజనీరు టామ్ బ్రౌన్, పాతికేళ్లు నిండని కుర్రవాడు, ఈ సంగతి చెవిన పడగానే డొనాల్డ్‌కి ఫోన్ చేసి వచ్చి చేరాడు. జాన్ మెక్‌వికార్ అనే యువ డాక్టరు మూడోవాడు. మొదట్లో రోగి పొట్టమీద నీళ్లతొట్టి ఆనించేవారట, మంచమంతా తడిసేది. తర్వాత ఆలివ్ నూనెకి మారారు. ఇవాళ స్కాన్‌కి ముందు పొట్టమీద మనం రాసే జెల్‌కి అదే ముత్తాత.

ఆ రోజుల్లోనే ఒకావిడకి కడుపులో కేన్సర్ ముదిరిపోయిందని పెద్ద డాక్టర్లు చేతులెత్తేశారు. వీళ్ల మెషీన్ మాత్రం అది నీటిగడ్డ అంది. ఆపరేషన్ చేస్తే అండాశయపు గడ్డే, ఆవిడ బతికింది. 1958 జూన్ 7న ముగ్గురి పేర్లతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. మెషీన్‌ని చూసి నవ్వినవాళ్లు మెల్లగా రోగుల్ని పంపడం మొదలుపెట్టారు.

సార్ ఒక మాట ఎప్పుడూ మింగేసేవారు కాదు. డొనాల్డ్ గర్భస్రావాలకి గట్టి వ్యతిరేకి. ఆయన చూపించిన పద్ధతినే మన దగ్గర ఆడపిల్లల్ని పుట్టకముందే ఏరిపారేయడానికి వాడుకున్నారు, 1994లో చట్టమే చేయాల్సి వచ్చింది. లింగ నిర్ధారణ చేయబడదని నా స్కానింగ్ సెంటర్ గోడమీదున్న బోర్డు చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

పోయిన నెల ప్రోస్టేట్ స్కాన్‌కని సార్ మా సెంటర్‌కి వచ్చారు. చెంబు లేదు, లీటరు బాటిల్ ఉంది. టోకెన్ తీసుకుని అందరితోపాటు కుర్చీలో కూర్చున్నారు. నేను పరుగెత్తుకెళ్తే, ఇబ్బందిగా కాళ్లు కదుపుతూ, "ఇంకా ఎంతసేపు ఆపుకోవాలయ్యా?" అన్నారు.

"డొనాల్డ్ గారిని అడగాలి సార్!"