పదహారు వారాల ముందు ఇంకో సబ్జెక్టు

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఈరోజు చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. పగలంతా బడి, సాయంత్రం ఒక గంట కొత్త సబ్జెక్టు, ఆ తర్వాత మామూలు చదువు. చివరి ఏడాదిలో, పరీక్షలకు 16 వారాలుండగా అదనపు సబ్జెక్టు ఎత్తుకున్నాక రోజు ఇలా చప్పుడు లేకుండానే గడవాలి. చప్పుడయిందంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

ఆ లెక్క ఒకసారి కాగితం మీద పెడదాం. సబ్జెక్టు స్టాటిస్టిక్స్ అనుకుందాం. 11 చాప్టర్లు, ప్రాక్టికల్స్ లేవు, మూడు గంటల రాతపరీక్ష ఒక్కటే. 16 వారాల్లో మూడు వారాలు ముందే కొట్టేయాలి. మిగతా సబ్జెక్టుల ప్రీ-ఫైనల్స్‌కి రెండు, జ్వరానికో ఇంట్లో పనులకో ఒకటి. మిగిలింది 13. రోజుకు గంట చొప్పున వారానికి ఆరు రోజులంటే 78 గంటలు. చాప్టర్‌కి మూడున్నర గంటలు వేసుకుంటే మొదటి చుట్టుకి 38న్నర. పాత ప్రశ్నపత్రాలు ఆరు రాయాలి. ఒక్కోదానికి రాయడానికి మూడు గంటలు, దిద్దుకుని తప్పులు తవ్వడానికి రెండు, అంటే మొత్తం 30. ఇంకా తొమ్మిదిన్నర గంటలు మిగిలాయి. అది విశ్రాంతికి కాదు, మొదటి చుట్టులో సగం సగం అర్థమైన చాప్టర్లను మళ్ళీ కుట్టుకోవడానికి.

వారానికి ఆ ఆరు గంటలు ఎక్కడినుంచి వస్తాయో రాసుకోకుండా మొదలుపెడితే అవి రెండు చోట్ల నుంచే వస్తాయి. ఒకటి నిద్ర, రెండోది బాగా వచ్చిన పాత సబ్జెక్టు. "అది వచ్చుగా, తర్వాత చూసుకోవచ్చు" అని పక్కనపెట్టిన సబ్జెక్టులో ప్రీ-ఫైనల్‌కి పది మార్కులు జారాయంటే రెంటికీ చెడ్డ రేవడే. అందుకే కొత్త గంటకి ఎదురుగా కోత పడిన గంట కూడా రాసి ఉండాలి. ఫోన్ 40 నిమిషాలు, రాత్రి నోట్సు తిరగరాయడం 20 నిమిషాలు, అలా పేరుపెట్టి. "ఎలాగోలా సర్దుకుంటాను" అన్నది ఏ టైంటేబుల్లోనూ పట్టని గడి.

అసలు ఈ లెక్క వేసే ముందే తేల్చుకోవాల్సిన కాగితం పని ఒకటుంది. నియమాలు బోర్డుకో తీరుగా ఉంటాయి కాబట్టి పక్కవాళ్ళు చెప్పింది నమ్మకూడదు, ఆ ఏడాది నోటిఫికేషన్ చదవాల్సిందే. సబ్జెక్టు చేర్చుకునే గడువు, ఆలస్య రుసుముతో ఇంకో గడువు, వద్దనుకుంటే తీసేసుకునే తేదీ. ఈ మూడూ వేరు వేరు. మూడోది ఎవరూ చూడరు, నా దృష్టిలో అదే ముఖ్యం. ఈ మార్కులు మొత్తంలో కలుస్తాయా, విడిగా చూపిస్తారా? తప్పితే మెమోలో కనబడుతుందా? తర్వాత చేరాలనుకున్న కోర్సు వాళ్ళు ఈ సబ్జెక్టుని లెక్కలోకి తీసుకుంటారా? పరీక్షల టైంటేబుల్లో ఇది దేని పక్కన పడుతోంది? ఒకే పూట రెండు పరీక్షలు పడితే కథ అక్కడితో సరి. ఇంకోటి, ఒకే పేరుతో రెండు స్థాయిల పేపర్లున్న చోట సబ్జెక్టు కోడ్‌లో ఒక్క అంకె మారితే వేరే పేపరు ముందుకొస్తుంది. ఫారం నింపిన రోజున ఒకసారి, హాల్ టికెట్ చేతికొచ్చాక ఒకసారి కోడ్ సరిచూసుకోవాలి.

ఇక ఏ సబ్జెక్టు అన్నది. ప్రాజెక్టు రికార్డు, ల్యాబ్, ఏడాది పొడుగునా ఇంటర్నల్ మార్కులు ఉన్నవాటి జోలికి ఈ దశలో పోకపోవడమే మేలు. అయిపోయిన ల్యాబ్ క్లాసులు ఎంత కష్టపడినా వెనక్కి రావు. సున్నా నుంచి మొదలయ్యే భాష కూడా అంతే. వినికిడికీ మాటకీ 78 గంటలు ఏమూలకీ చాలవు. నిలబడేవి, ఉన్న సబ్జెక్టులతో వేళ్ళు కలిసినవి. లెక్కలు చదివేవాళ్ళకి స్టాటిస్టిక్స్‌లో సంభావ్యత (ప్రాబబిలిటీ) సగం తెలిసిందే. సైన్సు వాళ్ళకి గ్రాఫులు కొత్త కాదు. ఆ కలిసిన భాగం ఎంతో చూడాలంటే సిలబస్ ప్రింటు తీసి, తెలిసిన అంశం మీద పెన్సిలు గీత పెడుతూ పోవాలి. మూడో వంతుకైనా గీతలు పడకపోతే నేనైతే వద్దంటాను.

సరే, పుస్తకం. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మొదటి చాప్టర్ సాధారణంగా పరిచయం, నిర్వచనాలు, చరిత్ర. చదవడానికి హాయిగా ఉంటుంది, మార్కులు తక్కువ. దాని బదులు గత ఐదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఒక గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా చాప్టర్లు వేసి, ప్రతి గడిలో ఆ చాప్టర్ నుంచి ఎన్ని మార్కులు వచ్చాయో నింపాలి. రెండు గంటల పని. సిలబస్ మధ్యలో మారి ఉంటే పాత పేపర్లలో ఇప్పుడు లేని చాప్టర్ల ప్రశ్నలు ఉంటాయి, వాటిని ముందే కొట్టేయాలి. ఈ పట్టిక పూర్తయ్యాక రెండు మూడు చాప్టర్లు ఏటా తప్పకుండా, ఎక్కువ మార్కులతో కనబడతాయి. వాటికి ముందు తెలిసి ఉండాల్సినవేవో చూసి, ఈ రెండు రకాలతోనే మొదలు. పట్టికలో అడపాదడపా కనబడే చాప్టర్లు చివరికి. సమయం చాలకపోతే వదిలేసేది కూడా వాటినే. ఏది వదలాలో మొదటి వారంలోనే తెలిసుంటే పన్నెండో వారంలో కంగారు ఉండదు.

సాయంత్రం గంటలో ఏముందంటే: మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి, నిన్నటిది తెల్లకాగితం మీద రాయడం. ముప్ఫై నిమిషాలు కొత్త పాఠం. పదిహేను నిమిషాలు లెక్కలు, కనీసం రెండు. చివరి ఐదు నిమిషాలు తప్పుల పుస్తకం. వీటిలో ఎగ్గొట్టబుద్ధేసేది మొదటి పది నిమిషాలనే. రాదు, చిరాకేస్తుంది, పుస్తకం తెరిస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆ తెలిసినట్టు ఉండటమే మోసం. 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల్లో కొందరి చేత పాఠ్యభాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు, కొందరి చేత చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత చూస్తే తలకిందులైంది, రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉంటే చదువుకోవచ్చు, పదహారు వారాల్లో ఉంటే రాయాలి.

మరపు గురించి జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే చేసుకున్న ప్రయోగాలను 1885లోనే ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల వరుసలు బట్టీ పట్టి, ఒక రోజు ఆగి మళ్ళీ నేర్చుకుంటే, మొదటిసారి పట్టిన శ్రమలో దాదాపు మూడో వంతే ఆదా అయింది. అర్థమున్న పాఠం అంత త్వరగా జారిపోదు, నిజమే. కానీ అర్థం కాకుండా బట్టీ పట్టిన సూత్రం మన బుర్రకి అర్థం లేని అక్షరాల వరుసే కదా.

సూత్రాలకూ నిర్వచనాలకూ చిన్న అట్టముక్కలు బాగా పనికొస్తాయి. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతే, కాస్త కుదించి. మూడు పెట్టెలు. మొదటి పెట్టె రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. చెప్పగలిగితే ముక్క ముందు పెట్టెలోకి, తప్పితే ఏ పెట్టెలో ఉన్నా తిరిగి మొదటిదానిలోకి. ఒక ముక్క మీద ఒక్క ప్రశ్నే ఉండాలి. నాలుగు కుక్కితే మూడు చెప్పి, నాలుగోది మింగేసి, ముందు పెట్టెలో వేసేస్తాం. రోజుకు ఆరుకి మించి కొత్త ముక్కలు చేర్చకూడదు. మొదటి వారం ఆరంభశూరత్వంలో వంద రాసేసిన పెట్టె మూడో వారానికి ఎవరూ తెరవని పెట్టె అవుతుంది.

ఈరోజు గంట క్రమవిచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరాయో చెప్పే కొలత) మీద గడిచింది. చిన్న లెక్కే: 4, 7, 9, 10, 15. మొత్తం 45, సగటు 9. విచలనాలు, అంటే ఒక్కో అంకెలోంచి సగటు తీసేస్తే మిగిలేవి, మైనస్ 5, మైనస్ 2, 0, 1, 6. ముందు వీటిని కూడితే సున్నా రావాలి, రాకపోతే సగటే తప్పు. ఐదు సెకన్ల ఈ తనిఖీ ఎవరూ చేయరు, చేస్తే సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి. వర్గాలు 25, 4, 0, 1, 36, కలిపి 66. ఇక్కడినుంచి దారి రెండుగా చీలుతుంది. ఈ ఐదే మొత్తం జనాభా (మనం కొలవాలనుకున్న గుంపంతా) అయితే 66ని 5తో భాగించాలి: 13.2, వర్గమూలం 3.63. ఈ ఐదూ పెద్ద గుంపులోంచి తీసిన మచ్చు (శాంపిల్) అయి, వీటినుంచి ఆ గుంపు విచలనాన్ని అంచనా వేయమంటే 4తో భాగించాలి: 16.5, వర్గమూలం 4.06. మచ్చులోని విలువలు గుంపు అసలు సగటు కంటే తమ సొంత సగటుకే దగ్గరగా ఉంటాయి, అందువల్ల వర్గాల మొత్తం కాస్త తక్కువ చూపిస్తుంది. ఒకటి తగ్గించి భాగించేది ఆ లోటు పూడ్చడానికే. క్యాలిక్యులేటర్లలో సాధారణంగా రెండూ ఉంటాయి. చాలావాటిలో సిగ్మా గుర్తున్నది మొదటి రకం, ఎస్ అక్షరమున్నది రెండో రకం. ప్రశ్నలో మాట చూడకుండా మీట నొక్కితే అంతా సరిగ్గా చేసి చివరి మెట్టు మీద జారినట్టే.

అందుకే క్యాలిక్యులేటర్ ఉన్నా విచలనాల పట్టిక కాగితం మీద వేయాలి. అంకె తప్పినా మెట్లు కనబడితే ఆ మెట్ల మార్కులు దక్కే వీలుంటుంది. ఒక్క జవాబే రాసి అదీ తప్పితే దిద్దేవాళ్ళు ఇవ్వాలన్నా ఇవ్వడానికి ఏమీ ఉండదు. మార్కింగ్ స్కీం దొరికితే పాత పేపర్ ఎంత శ్రద్ధగా చూస్తామో దాన్నీ అంతే చూడాలి. ఏ మాటకి మార్కు పెట్టారో, ఏ యూనిట్ రాయకపోతే కోశారో అందులో ఉంటుంది.

సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) దగ్గర ఇంకో గొయ్యి. 0–10 తరగతిలో (అంటే 0 నుంచి 10 దాకా విలువలున్న గుంపులో) 8 మంది, 10–20లో 12, 20–40లో 16 అనుకుందాం. మూడో దిమ్మెని 16 ఎత్తున గీసేస్తారు. దాని వెడల్పు రెట్టింపని చూడరు. ఇక్కడ సంఖ్యని చూపించేది ఎత్తు కాదు, వైశాల్యం. కాబట్టి పౌనఃపున్యాన్ని (ఆ తరగతిలోని సంఖ్యని) తరగతి అంతరంతో, అంటే దాని వెడల్పుతో భాగించాలి: 0.8, 1.2, 0.8. ఎత్తైనదనుకున్న మూడోది నిజానికి మొదటిదానంతే. నిలువు అక్షం మీద పేరు కూడా పౌనఃపున్య సాంద్రత అని మారాలి.

తప్పుల పుస్తకంలో "అజాగ్రత్త" అని రాయడం నిషేధం. ఆ మాట రాశాక నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ప్రశ్న చదవడంలో తప్పా, పద్ధతి ఎంపికలోనా, కూడికలోనా, సమయం చాలకా? నాలుగు నిలువు వరుసలు గీసి టిక్కు పెడితే రెండు వారాల్లో ఏ వరుస పొడుగైందో కళ్ళకి కనబడుతుంది. స్టాటిస్టిక్స్‌లో సాధారణంగా పొడుగయ్యేది మొదటిదే.

పేపర్లు రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలి? సిలబస్ పూర్తయ్యాక అనుకుంటే ఎప్పటికీ కాదు. ఐదో వారంలో, పూర్తయిన చాప్టర్ల ప్రశ్నలే ఏరుకుని, గడియారం పెట్టుకుని సగం పేపరు. మొదటిది ఘోరంగా ఉంటుంది, ఉండనివ్వాలి. పూర్తి పేపరు రాసే వారంలో ఐదు గంటలు దానికే పోతాయి, మిగిలిన గంట అట్టముక్కలకి. ఆ వారం కొత్త పాఠం వద్దు. మూడు గంటల పేపర్‌ని మూడు సాయంత్రాలకి ముక్కలు చేయడం కూడా వద్దు. రెండో గంట చివర్లో వచ్చే అలసటని అలవాటు చేసుకోవడం అందులో సగం పని.

నాలుగో వారం ఆఖరున ఒక గీత గీసుకోవాలి. అప్పటికి 24 గంటలు పోయుంటాయి, ఆరు చాప్టర్లు దాటాలి. నాలుగో ఐదో అయితే మార్కుల పట్టిక చూసి తక్కువ మార్కుల చాప్టర్లకి కోత పెట్టొచ్చు. నాలుగు కూడా కాకపోతే, లేదా పాత సబ్జెక్టుల్లో ఏదైనా కిందికి చూస్తుంటే, తీసేసుకునే గడువు లోపల తీసేయడమే. గడువు అంతకన్నా ముందే ఉంటే గీత కూడా ముందుకు జరగాలి. కట్టిన ఫీజు పోతుందని కొనసాగించేవాళ్ళుంటారు. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని ఊరికే అనలేదు.

పది దాటింది. రేపటి మొదటి పది నిమిషాలకి ఒక ప్రశ్న అట్టముక్క మీద రాసి పెట్టాలి: సంచిలో ఐదు ఎర్ర బంతులు, మూడు నీలం బంతులు. తీసినదాన్ని తిరిగి వేయకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవి అయ్యే సంభావ్యత ఎంత? 64లో 25 అని వస్తే "తిరిగి వేయకుండా" అన్న మాట కళ్ళు దాటేశాయన్నమాట. రెండోసారి సంచిలో ఏడే ఉంటాయి, వాటిలో ఎర్రవి నాలుగే. 8లో 5ని 7లో 4తో గుణిస్తే 56లో 20, కుదిస్తే 14లో 5. జవాబు ముక్క వెనక వైపు, పెన్సిలుతో.