ఒడిబియ్యం మూట, ఐదు కుడుకలు

నిన్న రాత్రి పుణె చేరిన. బ్యాగు ఇంకా హాల్లోనే ఉంది, కోపం కూడా అట్లనే ఉంది. పుట్టింట్లో ఒడిబియ్యం పోసుకుని విమానం ఎక్కే ఆడబిడ్డలు ఎవరన్నా ఉంటే ఇది ముందే చదువుకోండి.

మా ఊరు నల్లగొండ జిల్లాలో కట్టంగూర్ దగ్గర. దసరాకు పది రోజులు సెలవు పెట్టి పోయిన. పంతంగి టోల్ దగ్గర కాసేపు ఆగుడు తప్ప పోవుడు సుఖంగానే అయింది.

తిండి సంగతి మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను. పోయిన రోజే జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పుణెలో పుంటికూరను అంబాడీ అని అమ్ముతరు, నా నాలుకకు అది ఎన్నడూ ఆనలేదు. రెండో రోజు తపాలచెక్క. బియ్యంపిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి, తపాలకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్కలేసి మూత పెడుతుంది అమ్మ. అడుగు ఎర్రగా కాలిన వాసన వాకిట్లకు వచ్చేదాకా మూత తియ్యనియ్యదు. నేను ఆ అడుగు పెచ్చు కోసమే పోత. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు. దసరా నాడు జమ్మి పెట్టి వచ్చినంక మటన్. ఇగ ఆ రోజు ఎంత తిన్ననో రాయను.

నా పెళ్ళయి ఇది ఐదో ఏడు. బేసి ఏడు వచ్చింది, ఒడిబియ్యం పోయాల్సిందే అని అమ్మ పట్టుబట్టింది. బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించి, ఐదు కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవికె బట్ట పెట్టింది. నేను కొంగు పట్టి కూసుంటే అమ్మ, పెద్దమ్మ, మేనత్త, వదిన, పక్కింటి అక్క దోసిళ్ళతో పోసిన్రు. పుట్టిల్లు వట్టిగ కావద్దని గడప దాటే ముందు కొన్ని గింజలు ఇంట్లనే పోసి, మిగిలింది పసుపు గుడ్డలో మూట కట్టిన్రు. ఆ ముడి అత్తగారింట్లో దేవుని ముందర విప్పాలె. అది గుర్తు పెట్టుకోండి, దాని సంగతి ముందుంది.

పెద్ద బ్యాగుకు 15 కిలోలు, చేతి బ్యాగుకు 7. పత్తి ఏరే కూలీలకు తూకం వేసే వేలాడే కాటా ఇంట్ల ఉంది. నాయిన బ్యాగును దూలానికి వేలాడదీసిండు. మొదటి తూకంలో 21 కిలోలు! బాబాయి తోటల బత్తాయిలు దిగినయి, మురుకులల్ల సగం దిగినయి, నా చీరలు మూడు దిగినయి. తొక్కులు, నెయ్యి దిగలేదు. చివరికి 14.8కి తెచ్చినం. “పత్తి తూకంలనే పావుకిలో పోనియ్య, నీ బ్యాగుల పోనిస్తనా” అన్నడు నాయిన. విమానాశ్రయంల కౌంటర్ దగ్గర మిషన్ మీద 14.9 చూపించింది. నా ముందర ఒకాయన నేల మీద బ్యాగు పరిచి బనియన్లు తీస్తుంటే, నేను రాణి లెక్క బోర్డింగ్ పాస్ తీసుకుని నడిచిన.

గేటు దగ్గర చాయ్ కొనుక్కుని ఒక గుక్క తాగిన్నో లేదో, మైకులో నా పేరు. ఒకమ్మాయి వచ్చి మెట్లు దింపి, తలుపులు దాటించి, ఒక గదికి తీసుకపోయింది. స్టీల్ బల్ల మీద నా బ్యాగు. స్క్రీన్ మీద బియ్యం నడుమ గిన్నెల్లాంటి ఐదు గుండ్రాలు. హిందీ మాట్లాడే పిల్లగాడు, నా తమ్ముని ఈడు ఉంటది, “కోకోనట్?” అన్నడు.

“కాదు సార్, కుడుక” అన్న. కుడుక అంటే ఎండుకొబ్బరి చిప్పే గదా! భయంలో నోటికి అదే వచ్చింది.

అదేంది అన్నడు. ఒడిబియ్యం అన్న. అర్థం కాలేదు. సరే, మాటకు మాట హిందీలో చెబుదామని ఒడిని గోద్ చేసి, పోసుడును భర్‌నా చేసి, రెండూ కలిపి అప్పజెప్పిన. ఆ పిల్లగాని ముఖం వెలిగిపోయింది. గోద్ భరాయీ అంటే వాళ్ళకు సీమంతం. “మేడమ్‌కు కుర్చీ తెండి” అని అరిచిండు. కుర్చీ వచ్చింది. ఒకామె నీళ్ళ సీసా తెచ్చి ఎన్నో నెల అని అడిగింది. గదిలో ఇంకా నలుగురు ప్రయాణికులున్నరు, అందరి చూపూ నా పొట్ట మీదనే.

ఐదేండ్లలో మా అత్త కూడా నన్ను అంత సూటిగా అడగలేదు. దసరా మటన్‌తో ముందుకొచ్చిన పొట్టను చున్నీతో కప్పుకుని, “నహీ, ప్రెగ్నెంట్ నహీ” అన్న. వినపడలేదన్నరు. మళ్ళీ గట్టిగ చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఎవరూ ఏం మాట్లాడలేదు. కుర్చీల కూసోవాల్నా లేవాల్నా తెలియలేదు.

ఆ పిల్లగానికి కూడా సిగ్గయినట్టుంది, దాంతో ఇంకా కఠినమైండు. మూట విప్పమన్నడు. ఇంట్ల దేవుని ముందర విప్పాలె అని చెప్పిన. “యహా ఖోలియే.” విప్పిన. నీలం గ్లవుజు చెయ్యి బియ్యంల పెట్టి కెలికిండు, గ్లవుజంత పసుపు. ఒక్కో కుడుకా తీసి ట్రేలో వరుసగా పెట్టిండు. బల్ల మీద ఒలికిన గింజలను నేను ఏరుతుంటే, వెనుక నిలబడ్డ మరాఠీ ఆమె, బ్యాగులో పవర్ బ్యాంక్ పెట్టి దొరికిపోయినామె, “ఓటీ! ఇది ఓటీ, మా దగ్గర కూడా భరతారు” అని అతనికి అంతా విడమర్చి చెప్పింది. అతను బుద్ధిగా విన్నడు. విని, “ఓటీ ఠీక్ హై. కోప్రా నహీ” అన్నడు.

ఎండుకొబ్బరిలో 60 శాతానికి పైగా నూనెనే, తొందరగా అంటుకుంటది, అందుకే విమానంలోకి రానియ్యరు. రూలు తప్పని నేను అనను. కానీ కౌంటర్‌లో కూసున్న పిల్ల పవర్ బ్యాంక్ ఉందా, లైటర్ ఉందా అని చిలక లెక్క అడిగింది గదా, ఇంకొక్క మాట అడిగితే నోరు అరుగుతదా? మా దిక్కు ఆడబిడ్డ పుట్టింటి నుంచి కుడుక లేకుండా తిరిగి వస్తదా? కత్తులు, తుపాకులు ఉన్న బోర్డు మీద ఒక కుడుక బొమ్మ పెట్టొచ్చు. మనోళ్ళల్ల తుపాకి తెచ్చేటోళ్ళు ఎందరు, కుడుకలు తెచ్చేటోళ్ళు ఎందరు?

నన్ను కారుల దింపి పోయిన తమ్మునికి ఫోన్ చేస్తే, ఊరి దారిల అప్పటికే పెద్ద అంబర్‌పేట దాటిండట. కాగితం మీద సంతకం పెట్టించుకుని, కుడుకలను అక్కడున్న డబ్బాలో వెయ్యమన్నరు. చెయ్యి రాలేదు. అమ్మ చేతితో పెట్టినవి, చెత్తల ఎట్ల వెయ్యాలె? అంతసేపూ మూలకు నేల తుడుస్తున్న పెద్దామె మాప్ గోడకు ఆనించి వచ్చింది.

“ఒడిబియ్యం కుడుకలు పారేస్తరా బిడ్డా? ఇటియ్యి, కూరల ఏసుకుంట.”

ఆ పిల్లగాని వైపు చూసిన. అతను స్క్రీన్ వైపు తిరిగిండు. ఆమె ఐదూ కొంగుల కట్టుకుని, మళ్ళీ మాప్ పట్టుకుంది.

విమానం అందరికన్నా ఆఖర్న ఎక్కిన. మీరు మాత్రం కుడుకలు తమ్ముని కారులోనే వదిలేయండి, లేదా సికింద్రాబాద్ పోయి రైలు ఎక్కండి. తొక్కు సీసా మూతకు ప్లాస్టిక్ కవరు రెండు వరుసలు చుట్టండి, నేను ఒక్కటే చుట్టిన, రెండు చీరలు పోయినయి. ఖర్జూరాలను, పోకలను ఎవరూ ఏమనలేదు.

పొద్దున అమ్మ ఫోన్ చేసింది. మూట దేవుని ముందరనే విప్పినవా అంటే, ఆ అన్న. పరమాన్నంల కుడుక తురిమి ఏసినవా అంటే, అప్పటికే కింది కిరాణా దుకాణంలో పావుకిలో కొబ్బరి చిప్పలు కొని తెచ్చి ఉన్న కాబట్టి, ఏసిన అన్న. “మనింటి కుడుకలు ఎంత తియ్యగున్నయో చూసినవా” అంది అమ్మ.

చూసిన అన్న.